పరాకు నాది

సంగటి అడుగంటింది. తెడ్డు చేతిలోనే ఉంది, కళ్లు గిన్నె మీదే ఉన్నాయి, మనసు మాత్రం నాలుగు రోజుల కిందట మా మామ అన్న మాటకు జవాబు వెతుక్కుంటోంది. “మళ్లీ పరాకేనా మే? మాడువాసన వీధిలోకి పొయ్యింది, నీ ముక్కుకు అందలే!” అని మా అత్త మాలకొండమ్మ వసారాలోంచి కేకేసింది.

మధులత అనే నా పేరు రేషన్ కార్డులో ఉంది. ఊళ్లో మాత్రం నేను జనార్దనయ్య గారి పరాకు కోడల్ని. ఆత్మకూరు డిగ్రీ కాలేజీలో బోటనీ రెండో ఏడాది సగంలో వదిలేసి, దుత్తలూరు మండలంలోని ఈ ఊరికి వచ్చి పదకొండేళ్లయింది. తెల్లారకముందు గేదెల పాలు, ఆ తర్వాత కూలీలకు సంగటి, షుగరున్న మామకు జావ, పళ్లు లేని అత్తకు మెత్తటి అన్నం, వరండాలో రాజకీయాలు మాట్లాడే వాళ్లకు ఎన్ని విడతలంటే అన్ని విడతల టీ. ఇదంతా చేసి ఒక్క నిమిషం గోడకానుకుంటే “ఇంట్లోనే గదా ఉండేది, అలుపేంది?” అంటాడు మా ఆయన ప్రశాంత్. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అంటాడు. దానికే నాకు ఇంకా మండుతుంది.

అందుకే నాకు పరాకు. చేతులు పని చేసుకుపోతుంటే నేను లోపల కూర్చుని, మొహం మీద అనలేని మాటలన్నీ అనుకునేదాన్ని. మామ మాటకు ఒక జవాబు, అత్త మాటకు రెండు, మా ఆయనకు లెక్కలేనన్ని. మంచి జవాబులు, సూటిగా తగిలేవి. ఏం లాభం, ఒక్కటీ పెదవి దాటి రాలేదు. అయినా అది నా జాగా. అక్కడికి టీ తెమ్మని ఎవరూ కేకేయలేరు.

మా పాప అశ్విత మొదటిసారి ఆగిపోయినప్పుడు నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. దానికి ఏడేళ్లు అప్పుడు. అన్నం ముద్ద నోటి దాకా తెచ్చి, అలాగే చెయ్యి గాల్లో నిలిపి, ఎటో చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఏమీ జరగనట్టు ముద్ద నోట్లో పెట్టుకుంది. మా అత్త నెత్తిన ఒకటి మొట్టింది. “కొట్టొద్దత్తా, ఏదో ఆలోచించుకుంటా ఉండాది,” అన్నాను నేను. “ఏడేళ్ల దానికి ఆలోచనలేంది? నీ పాలతో పాటు నీ పరాకు గూడా తాగింది!” అంది ఆమె. ఆ మాటకు లోలోపల గర్వపడ్డాను కూడా. ఈ ఇంట్లో ఇంకొకరికి నాలాంటి జాగా దొరికింది, దాన్ని ఎవరూ తాకకుండా చూస్తాను అనుకున్నాను. అది ఆగిపోయినప్పుడల్లా అడ్డం నిలబడ్డాను. పిలవనివ్వలేదు, కదిలించనివ్వలేదు.

ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. నా కూతురి జబ్బుకు ఏడాది పాటు నేనే కాపలా కాశాను.

ఈ ఏడు బడి తెరిచాక మా ఊరికి టీవీ డాక్టరు వచ్చింది. బళ్లో మూలపడిన కంప్యూటర్ గదిని కడిగి, ఒక పెద్ద తెర, కెమెరా, చెవిలోకీ గొంతులోకీ చూసే చిన్న కెమెరా, గుండె చప్పుడు నెల్లూరు దాకా వినిపించే గొట్టం పెట్టారు. ప్రతి మంగళవారం నెల్లూరులో ఒక డాక్టరమ్మ తెర ముందు కూర్చుంటుంది, ఇక్కడ పిల్లలు కూర్చుంటారు. రిబ్బన్ కత్తిరించింది మా మామ. పేరెంట్స్ కమిటీ ఛైర్మన్ మా ఆయనే గానీ, పదవి ఆయనది, నోరు మా మామది. “ఈ ఊళ్లో ఏ పిల్లకాయా జబ్బుతో బడి మానకూడదు. అదే నా కోరిక,” అని మైకులో అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ రోజు నలభై మందికి టీ నేనే కాచి పంపాను.

ఆ గది బాధ్యత సుజన టీచరు నెత్తిన పడింది. “పిల్లకాయల సంగతులు ఆడోళ్లకే గదమ్మా తెలిసేది,” అన్నాడట హెడ్మాస్టరు. మధ్యాహ్న భోజనం ఫోటోలు ఆమెవే, పెద్దపిల్లల ప్యాడ్లు ఆమెవే, ఇప్పుడు ఇది కూడా. దీనికి పైసా ఎక్కువ లేదు, ఒక పీరియడ్ తక్కువ లేదు. సంసారం అంటే ఇంట్లోనే ఉంటుందనుకున్నాను గానీ, బళ్లోనూ అది ఆడవాళ్లదేనని ఆమెను చూశాక తెలిసింది.

ఆమే ఫోన్ చేసింది. “మధులతా, అశ్విత లెక్క చేస్తా చేస్తా ఆగిపోతా ఉండాది. ఈ రోజు ఆరు సార్లు. పిలిస్తే పలకలే. గిల్లినాను, కోప్పడొద్దు. గిల్లినా తెలీలే దానికి.”

గిల్లినా తెలియలేదంటే చల్లబడిపోయాను. నా పరాకులో నన్ను ఎవరైనా గిల్లితే కయ్యిమని లేస్తాను.

సాయంత్రం మామతో చెప్పాను. ఆయన పేపరు దించలేదు. “ఆ టీవీ డాక్టరు లేనోళ్ల పిల్లకాయలకని పెట్టించినాం. మన బిడ్డని తీసకపొయ్యి గొర్రెలోళ్ల పిల్లకాయల వరసలో కూర్చోబెడతావా? ఊళ్లో మన మర్యాదేంగాను?” నా జవాబు యథాప్రకారం లోపలే ఉండిపోయింది. కానీ మంగళవారం అన్నం క్యారియర్ ఇచ్చొస్తానని చెప్పి బడికి పోయాను.

గది బయట బెంచీ మీద వెంగమ్మ ఉంది. వాళ్లాయన మందను తోలుకుని మేపుకు పోయి రెండు నెలలైంది. పిల్ల గోపిక చెవిలో చీము కారుతుంటే చూపించడానికి వచ్చింది. నేను కొంగు తల మీదికి లాక్కోవడం చూసి నవ్వింది. “మీ ఇంటోళ్లు పెట్టించిన డాక్టరే గదమ్మా. మీరు దాక్కోని వచ్చేదేంది?”

సుజన టీచరు ఇచ్చిన అనుమతి కాగితం మీద సంతకం పెట్టి లోపలికి వెళ్లాం. తెర మీద డాక్టరమ్మకు యాభై ఏళ్లుంటాయి. కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉంది. “ఇంట్లో దీన్ని ఏమంటారమ్మా?” అని అడిగింది.

“పరాకంటామండి. నాకూ ఉండాది.”

“మీ సంగతి తర్వాత చూద్దాం. పాప పరాకు ఎంతసేపు ఉంటుంది?”

ఇది ఎవరూ అడగని ప్రశ్న. ఎన్నిసార్లో, ఎంతసేపో, కళ్లు ఎలా ఉంటాయో నేను ఒక్కసారీ చూడలేదు. దానిలో దాన్ని కాకుండా నన్ను నేను చూసుకుని మురిసిపోయాను. “తెలీదండి,” అన్నాను. డాక్టరమ్మ ఇంకేం అడగలేదు. ఒక సన్నటి కాగితం ముక్క అశ్విత మూతి ముందు పట్టుకుని, అది ఆగకుండా ఎగిరేట్టు ఊదించమంది. “ఊదు తల్లీ, గట్టిగా, నేను ఆపమనే దాకా.” సుజన టీచరు కాగితం పట్టుకుంది. అశ్వితకు అది ఆటలాగుంది. ఒక నిమిషం ఊదింది. రెండో నిమిషం దాటింది. కాగితం నిలబడిపోయింది.

నేను మొదటిసారి నా బిడ్డ కళ్లల్లోకి చూశాను. రెప్పలు సన్నగా అదురుతున్నాయి. లోపల ఎవరూ లేరు. ఆలోచన లేదు, కల లేదు, నేను ఊహించుకున్న జాగా లేదు. తెరలోంచి డాక్టరమ్మ మెల్లగా అంకెలు లెక్కపెడుతోంది. పన్నెండు దగ్గర అశ్విత మళ్లీ ఊదడం మొదలుపెట్టింది.

“ఇప్పుడేమయింది తల్లీ?” అంది డాక్టరమ్మ.

“ఏం కాలేదు. టీచరే ఎగిరింది.”

“ఎగిరిందా?”

“ఆ పక్కన ఉండె. ఉన్నట్టుండి ఈ పక్కకొచ్చింది. బోర్డు మీద లెక్క గూడా అట్టనే ఎగరతాది. ఒక లెక్క రాసుకుంటా ఉంటే ఇంకో లెక్క ఉంటాది. అడిగితే మేష్టరు కొడతాడు.”

డాక్టరమ్మ నాతో నెమ్మదిగా చెప్పింది. “ఇది పరాకు కాదమ్మా. మూర్ఛలో ఒక రకం. కింద పడరు, కొట్టుకోరు, కాబట్టి ఎవరూ కనిపెట్టరు. మందులు సరిగ్గా వాడితే చాలామంది పిల్లలకు ఆగిపోతుంది. నెల్లూరులో తలకు ఒక పరీక్ష చేయించాలి. వచ్చే వారం మళ్లీ కూర్చోబెట్టండి, తేదీ ఇప్పిస్తాను, అది చూసి మందు మొదలుపెడదాం. అప్పటిదాకా బావి దగ్గరికీ రోడ్డు మీదికీ ఒంటరిగా పంపొద్దు.”

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే మామ లేచి వీధి తలుపు మూశాడు. పదకొండేళ్లలో పగటిపూట ఆ తలుపు మూయడం నేనెప్పుడూ చూడలేదు. “ఆ పేరు ఈ ఇంట్లో మళ్లీ అనబాక,” అన్నాడు. మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. మా అత్తే తేరుకుంది. “మూర్ఛ గాదు, ఏం గాదు. బిడ్డకు గాలి సోకి ఉండాది. ఏఎస్ పేట దర్గాకు తీసకపోదాం.” నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “నీకు తెలీదు మే. గాలైతే వదిలిపోతాది. వదిలిందంటే మళ్లా ఎవరూ అడగరు. మూర్ఛంటే రక్తంలో ఉండాదంటారు. రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు?” ఎనిమిదేళ్ల పిల్ల పలక బలపాలు సర్దుకుంటుంటే ఇంట్లో దాని పెళ్లి ఆగిపోయింది.

శుక్రవారం కారు మాట్లాడుకుని ఏఎస్ పేట పోయాం. దర్గాతో నాకేం పేచీ లేదు. నేనూ కళ్లు మూసుకుని మొక్కాను, బిడ్డ బాగుండాలని ఎక్కడ మొక్కితే మాత్రం తప్పేముంది? దారి పొడుగునా మా అత్త కనిపించిన వాళ్లకల్లా “మా పాపకు గాలి సోకిందని పోతన్నాం” అని చెప్పింది. గాలికి తలుపులు తెరిచి చెప్పారు, నెల్లూరుకు తలుపులు మూశారు. నా పేచీ అంతా దానితోనే.

మళ్లీ మంగళవారం క్యారియర్ పట్టుకుని పోయేసరికి సుజన టీచరు మొహం వాడిపోయి ఉంది. ఒక కాగితం చూపించింది. మా ఆయన చేతిరాత నాకు తెలుసు. “తండ్రిగా నా అనుమతి లేదు. పాపకు ఎటువంటి జబ్బు లేదు. తల్లి పరాకు మనిషి కావడం వలన పొరపాటున తీసుకువచ్చింది” అని రాసి కింద ఛైర్మన్ స్టాంపు కొట్టాడు. తండ్రికి స్టాంపు ఎందుకో!

“తల్లి సంతకం చాల్దా టీచర్?”

“చాలు. ఇద్దర్లో ఎవరు పెట్టినా చెల్లతాదని రూల్లో ఉండాది. కానీ ఛైర్మన్ కాదన్నాక హెడ్మాస్టరు నోరెత్తడు. పాపను కూర్చోబెట్టొద్దని నాకు చెప్పేసినాడు.”

నేనే బస్సెక్కి పోవచ్చు కదా అంటారేమో. మర్నాడే ఎక్కాను, పాపను బడికని తయారుచేసి. ఆత్మకూరులో మారితే పదకొండుకల్లా నెల్లూరు. మూడు ఊళ్లు దాటకముందే మా ఆయన మోటార్ సైకిల్ బస్సుకు అడ్డం పెట్టి ఆపించాడు. ఎవరు చూశారో, ఎవరు ఫోన్ చేశారో. “మా ఆమె కొంచిం పరాకు మనిషిలే అన్నా. ఇంట్లో చెప్పకుండా యాడికో బయలుదేరింది,” అని కండక్టరుతో నవ్వుతూ అన్నాడు. బస్సంతా నవ్వింది. మేమిద్దరం దిగాం. మోటార్ సైకిల్ వెనక కూర్చుని నేను ఒకటే ఆలోచించాను. నేను దాచిపెట్టి ఏం చేసినా వాళ్లు ఆపగలరు. ఎందుకంటే దాచడం అనేది వాళ్లకు కావలసిన పని, నేను వాళ్ల పనే చేస్తున్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులకు అశ్విత రోడ్డు దాటుతూ నడిమధ్యన నిలబడిపోయింది. నేను బిందెతో వెనకే వస్తున్నాను. బిందె వదిలేసి పరిగెత్తాను. ట్రాక్టరు ఒక్క మూర దూరంలో ఆగింది. డ్రైవర్ కిందికి దూకి “పిల్లకి పరాకైతే తల్లికి గూడా పరాకేనా?” అని అరిచాడు. అశ్విత నా నడుము పట్టుకుని, “అమ్మా, ట్రాక్టరు ఎగిరింది,” అంది. మా మామ అరుగు మీద నుంచి అంతా చూశాడు. లోపలికొచ్చి, “బిడ్డని కాస్త కనిపెట్టుకోని ఉండమ్మా,” అన్నాడు నాతో. అంతే.

శనివారం బళ్లో తల్లిదండ్రుల మీటింగ్. షామియానా వేశారు, మైకు పెట్టారు. బల్ల వెనక హెడ్మాస్టరు, మా ఆయన, మా మామ. తల్లులందరూ కింద పట్టాల మీద కూర్చున్నారు, మా అత్త పక్కన అశ్విత. నేను వెనక టీ పోస్తున్నాను. టీవీ డాక్టరు వల్ల మూడు నెలల్లో ఎంతమంది పిల్లలు బాగుపడ్డారో హెడ్మాస్టరు చెప్పి, అది ఛైర్మన్ గారి కృషి అన్నాడు. సుజన టీచరు పేరు చెప్పలేదు. వెంగమ్మను లేపి మాట్లాడమన్నారు. “మా గోపిక చెవి రెండేండ్లు కారింది. ఇప్పుడు పిలిస్తే పలకతా ఉండాది. నేను చెప్పేదింతే,” అని కూర్చుంది. “ఇంకా తల్లులెవరైనా మాట్లాడతారా?” అని హెడ్మాస్టరు మాటవరసకు అడిగాడు.

నేను టీ పళ్లెం తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. గ్లాసులు అందిస్తాననుకుని మా మామ చెయ్యి చాపాడు. నేను మైకు తీసుకున్నాను.

“నా కూతురు అశ్వితకు మూర్ఛ ఉండాది,” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “పడిపొయ్యే మూర్ఛ గాదు. ఉన్నట్టుండి పది పన్నెండు సెకన్లు మనిషి ఉండదు. అది పరాకని ఏడాది నేనే మోసపొయినాను. ఈ టీవీ డాక్టరే కనిపెట్టింది. మందుండాది, తగ్గిపోతాదని చెప్పింది. మీ పిల్లకాయలు గూడా ఇట్టా ఆగిపోతా ఉంటే మొట్టబాకండి, తీసకరాండి.”

“మధూ, కూర్చో,” అన్నాడు మా ఆయన పళ్ల మధ్య నుంచి.

మా మామ మాత్రం నవ్వాడు. రాజకీయం తెలిసిన మనిషి. జనం వైపు తిరిగి, “మా కోడలు పరాకు మనిషని మీకందరికీ తెలిసిందే గదా. ఏదో విని ఏదో చెప్తా ఉండాది. బిడ్డకేం లేదు,” అన్నాడు. అలవాటైన మాట కాబట్టి కొందరు నవ్వారు కూడా.

ఇన్నేళ్లూ జవాబులు కట్టి కట్టి లోపల పేర్చుకున్నదాన్ని, ఈసారి వెతుక్కోవలసిన పని లేకపోయింది.

“పరాకు నాది మామా, మూర్ఛ పాపది. నా పరాకుకు మందు లేదు, మీరు భరించాల్సిందే. దాని జబ్బుకు మందుండాది, అది మీరు ఆపబాకండి. మొన్న ట్రాక్టరు కింద పడబొయ్యింది మీ కళ్లారా చూసినారు. ఏ పిల్లకాయా జబ్బుతో బడి మానకూడదని ఇదే మైకులో అన్నారు. మీ మనవరాలు ఆ పిల్లకాయల్లో లేదా?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను హెడ్మాస్టరు వైపు తిరిగాను. “తండ్రి వద్దని రాసిచ్చినాడు. తల్లిగా నేను కావాలని సంతకం పెట్టినాను. నా సంతకం చెల్లతాదా చెల్లదా సార్? ఇంతమంది తల్లులు ఉండారు, చెప్పండి.”

ఆయన మా మామ మొహం చూశాడు, జనం మొహం చూశాడు. జనం ఎక్కువగా ఉన్నారు. “రూలు ప్రకారం… చెల్లుతుందమ్మా,” అన్నాడు. ఆయన అన్నాడో లేదో సుజన టీచరు లేచి నిలబడి, రిజిస్టర్ తెరిచి, గట్టిగా చదువుతూ రాసింది: “మంగళవారం, మొదటి పేరు, అశ్విత.” పట్టాల మీద నుంచి వెంగమ్మ, “మేమందరం సాక్ష్యం,” అంది. మా అత్త పాపను ఒళ్లోకి లాక్కుని, తల దించి, దాని జడ సవరిస్తూ కూర్చుంది.

మా ఆయన కుర్చీలోంచి లేచి నా పక్కకు వచ్చాడు. జనానికి కనపడేలా నవ్వుతూ, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. “ఇంటికి పా, నీకు చెప్తాను.”

నేను మైకు ఆయన నోటి దగ్గర పెట్టాను.

“ఈడే చెప్పండి. అందరూ వింటా ఉండారు.”